సిస్కో నుంచి అరుబాకి 14 స్విచ్‌లు మార్చాలి, ఆదివారం పరీక్ష ఉంది, కాన్ఫిగ్ ఎలా తేవాలి?

నాగావళి ఒడ్డున | బుధవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో నెట్‌వర్క్ చూస్తాను, కాలేజీ పేరు వద్దు. నెట్‌వర్క్ అని పేరే గానీ ప్రొజెక్టర్లు, ప్రింటర్లు, సార్ల ఫోన్లలో నిండిపోయిన మెమరీ, అన్నీ నా ఖాతాలోనే. మా దగ్గర 14 సిస్కో 2960-ఎస్ స్విచ్‌లు (కంప్యూటర్లని తీగలతో కలిపే పెట్టెలు) ఉన్నాయి, 48 పోర్టులవి, మధ్యలో అన్నీ వచ్చి కలిసే పెద్ద స్విచ్, అంటే కోర్, 3750-ఎక్స్. మొన్న పిడుగు పడిన రాత్రి ల్యాబ్ బ్లాక్ స్విచ్‌లో 11 పోర్టులు పోయాయి. ఇక ఇవి వద్దని యాజమాన్యం అరుబా కంపెనీ 2930ఎఫ్‌లు 14 తెప్పించింది. కోర్ మాత్రం ప్రస్తుతానికి సిస్కోయే. ఆదివారం ఆ ల్యాబ్‌లోనే ఆన్‌లైన్ పరీక్ష, అందుకని శుక్రవారం రాత్రి ఆ ఒక్క స్విచ్ మార్చేసి, మిగతావి వారానికి రెండు చొప్పున చెయ్యమన్నారు.

సిస్కో కాన్ఫిగ్ (స్విచ్‌కి ఇచ్చిన సెట్టింగులు) అంతా కాపీ చేసి పెట్టుకున్నా. దీన్ని అరుబాకి మార్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా, లేక లైన్ లైన్ కూర్చుని మార్చుకోవాలా? ముఖ్యమైన ముక్కలు ఇవీ (వీలాన్ అంటే అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్, ఒక్కోదానికి ఒక నంబర్):

ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/5
 స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 20
 స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
 స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/24
 స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్
ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/49
 స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్
 ఛానల్-గ్రూప్ 1 మోడ్ డిజైరబుల్
(50 కూడా ఇలాగే)
[యూజర్‌నేమ్, ఎస్ఎన్ఎంపీ లైన్లు తీసేశాం: వేదిక నిర్వాహకులు]

కన్సోల్ కేబుల్ | బుధవారం రాత్రి 10:31

తమ్ముడూ, ముందు ఆ పోస్ట్ ఎడిట్ చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం. యూజర్‌నేమ్ లైన్‌లో పాస్‌వర్డ్ ముందు 7 అని అంకె ఉంది చూడు, అది గుమ్మానికి వేలాడదీసిన కర్టెన్ లాంటిది, తాళం కాదు. టైప్ 7ని వెనక్కి తిప్పడానికి ఒక్క సెకను చాలు, నీ పాస్‌వర్డ్ నేను చదివేశాను, అందులో కాలేజీ పేరు కూడా ఉంది. ఎస్ఎన్ఎంపీ (స్విచ్‌ని దూరం నుంచి గమనించే పద్ధతి) కమ్యూనిటీ పదం, అదీ పాస్‌వర్డ్ లాంటిదే, అదైతే కర్టెన్ కూడా లేకుండా ఆరుబయటే ఉంది. రేపు పొద్దున్న రెండూ మార్చెయ్. ఎలాగూ పాస్‌వర్డ్‌ల గజిబిజి అక్షరాలు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ పెట్టెకి పనికిరావు, అక్కడ కొత్తగా పెట్టుకోవాల్సిందే.

నాగావళి ఒడ్డున | బుధవారం రాత్రి 10:34

అయ్యో. థాంక్స్ అన్నా. నిర్వాహకులు అప్పుడే తీసేశారు. ఇప్పుడే మార్చేస్తున్నా.

పలాస పప్పు | బుధవారం రాత్రి 10:40

కాలేజీ పేరు వద్దన్నావు, పాస్‌వర్డ్‌లో పెట్టావు. గురూ నువ్వు సూపర్.

కన్సోల్ కేబుల్ | బుధవారం రాత్రి 11:05

సరే, అసలు విషయం. లైన్ లైన్ మార్చొద్దు. నేను 2012లో అలాగే చేసి ఒక ఫ్యాక్టరీని పూటంతా ఆపాను, అందుకే చెప్తున్నా.

నీ కాన్ఫిగ్‌లో "ట్రంక్" అనే మాట ఉంది. సిస్కోలో ట్రంక్ అంటే చాలా వీలాన్లు మోసే ఒక లింకు. 2930ఎఫ్ ప్రోకర్వ్ (హెచ్‌పీ పాత స్విచ్‌ల పేరు) వంశం పెట్టె. ఆ వంశంలో ట్రంక్ అంటే రెండు మూడు లింకులు కట్టగట్టి ఒకటిగా వాడటం, అంటే సిస్కో వాళ్లు పోర్ట్-ఛానల్ అనేది. "మావయ్య" అంటే మేనమామా, పిల్లనిచ్చిన మామా అని మనం అడుగుతాం కదా, ఇదీ అంతే. మాట ఒకటే, చుట్టరికం వేరు. సిస్కో ట్రంక్‌కి అరుబాలో మాట "ట్యాగ్డ్", ఒకే వీలాన్ ఉండే యాక్సెస్ పోర్ట్‌కి "అన్‌ట్యాగ్డ్".

రెండోది, రాసే తీరే తిరగబడుతుంది. సిస్కోది ఇంటింటికీ వెళ్లి "మీది ఏ వార్డు" అని రాసుకునే పద్ధతి. ప్రతి పోర్ట్ కింద దాని వీలాన్ ఉంటుంది. ప్రోకర్వ్‌ది వార్డు వారీ ఓటర్ల జాబితా. వీలాన్ కింద పోర్టుల పేర్లు ఉంటాయి (టీఆర్‌కే1 అంటే కట్టగట్టిన లింకుల పేరు):

వీలాన్ 20
 నేమ్ "ల్యాబ్"
 అన్‌ట్యాగ్డ్ 1-23
 ట్యాగ్డ్ టీఆర్‌కే1

మూడోది, ఇందులోనే ఎక్కువ మంది పడతారు. నీ పోర్ట్ 24లోనూ 49లోనూ "అలౌడ్ వీలాన్" అనే లైనే లేదు. సిస్కోలో ఆ లైన్ లేకపోతే అన్ని వీలాన్లూ వెళ్తాయి. అరుబాలో నువ్వు రాసిందే వెళ్తుంది, రాయనిది వెళ్లదు. అంటే నీ పాత కాన్ఫిగ్‌లో లేని లైన్లు కొత్త కాన్ఫిగ్‌లో రావాలి. అది ఏ సాఫ్ట్‌వేర్ చదువుతుంది చెప్పు?

ఉద్దానం ఫైబర్ | బుధవారం రాత్రి 11:22

కేబుల్ అన్న చెప్పిందానికి ఒక ముక్క కలుపుతా. "షో రన్" (నడుస్తున్న కాన్ఫిగ్ చూపించే కమాండ్) కాపీ చేశావు సరే, అందులో వీలాన్ల పేర్లు కనిపించాయా? చాలా చోట్ల కనిపించవు. వీటీపీ (సిస్కో స్విచ్‌లు వీలాన్ల జాబితాని పంచుకునే పద్ధతి) సర్వర్ మోడ్‌లో ఉంటే, సిస్కోలో మొదటి నుంచీ ఉండేది అదే కదా, వీలాన్ల జాబితా ఫ్లాష్‌లో వీలాన్.డాట్ అనే వేరే ఫైల్‌లో ఉంటుంది, రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి రాదు. ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో ఉంటేనే వస్తుంది. "షో వీలాన్ బ్రీఫ్", "షో వీటీపీ స్టేటస్" రెండూ తీసి పెట్టుకో.

ఇంకోటి, ఛానల్-గ్రూప్ మోడ్ డిజైరబుల్ అని ఉంది. అది పీఏజీపీ, లింకులు కట్టగట్టడానికి సిస్కో సొంత భాష. అరుబాకి అదే పనికి అందరి ఉమ్మడి భాష, ఎల్ఏసీపీ కావాలి. కోర్ వైపు ఆ రెండు పోర్టుల నుంచి ఛానల్-గ్రూప్ తీసేసి "మోడ్ యాక్టివ్" అని మళ్లీ పెట్టాలి. ఒక గ్రూపులో రెండు భాషలు కలవవు.

మూడు లాంతర్లు | గురువారం ఉదయం 7:50

అలౌడ్ వీలాన్ అన్నారు కాబట్టి నా పాపం కూడా చెప్పుకుంటా. విజయనగరంలో ఒక ఆఫీసు, పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు. ఆ మంగళవారం మా ఊళ్లో పని ఎవరు చేస్తారండీ, నేను ఇంట్లోంచే లాగిన్ అయి అప్‌లింక్‌లో (పై స్విచ్‌కి వెళ్లే లింకులో) కొత్త వీలాన్ 70 కలుపుదామని "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 70" అని కొట్టాను. మధ్యలో "యాడ్" అనే మాట మర్చిపోయాను. యాడ్ లేకపోతే ఉన్న జాబితా పోయి ఆ 70 ఒక్కటే మిగులుతుంది. నా లాగిన్ కూడా పోయింది. సిరిమాను గుడి దగ్గర్నుంచి కోటకి మూడు సార్లు తిరుగుతుంది కదా, నేను ఆ జనంలో బండి తోసుకుంటూ ఒకటో సారికి బయల్దేరి మూడో సారికి ఆఫీసు చేరాను. అప్పటి నుంచి దూరం నుంచి ఏం చేసినా ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టి, పని అయ్యాక "రీలోడ్ క్యాన్సిల్" కొడతా. తప్పు చేస్తే పది నిమిషాల్లో అదే సేవ్ చేసిన కాన్ఫిగ్‌తో లేస్తుంది. అరుబాలో అది "రీలోడ్ ఆఫ్టర్ 10". మధ్యలో సేవ్ మాత్రం కొట్టొద్దు.

అరసవల్లి అమ్మాయి | గురువారం ఉదయం 8:15

జూనిపర్ కంపెనీ స్విచ్‌లలో ఈ బాధ లేదండి. "కమిట్ కన్ఫర్మ్‌డ్" అంటే పది నిమిషాల్లో మళ్లీ కమిట్ చెయ్యకపోతే తనే పాత కాన్ఫిగ్‌కి వెళ్లిపోతుంది, రీబూట్ కూడా ఉండదు. మేం హైదరాబాద్‌లో రెండేళ్ల క్రితం సిస్కో నుంచి జూనిపర్ ఈఎక్స్‌కి వెళ్లాం. మమ్మల్ని ముంచింది మాత్రం చిన్న విషయం. సిస్కో పోర్టులు 1 నుంచి మొదలవుతాయి, జూనిపర్‌వి 0 నుంచి. మా కుర్రాడు స్క్రిప్ట్‌లో అంకెలు అలాగే ఉంచేశాడు, మొత్తం ర్యాక్ ఒక పోర్ట్ పక్కకి జరిగింది. ప్రింటర్ ఉండాల్సిన చోట సర్వర్, సర్వర్ చోట మేనేజర్ గారి ఫోన్.

ఇంకా మీరు కోర్ మార్చేటప్పుడు యాక్సెస్ లిస్ట్‌లు (ఏ అడ్రస్‌లని పంపాలో, ఆపాలో రాసిన జాబితాలు) చూసుకోండి. సిస్కో 0.0.0.255 అని తిరగేసి రాస్తుంది, జూనిపర్ ఫిల్టర్‌లో /24 అని రాయాలి. హెచ్ఎస్ఆర్‌పీ (ఒక గేట్‌వే, అంటే బయటికి దారి, పోతే ఇంకోటి అందుకునే పద్ధతి) కూడా సిస్కోదే, బయట వీఆర్‌ఆర్‌పీ. అది మారితే గేట్‌వే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్) మారిపోతుంది, పాత మ్యాక్ గుర్తుపెట్టుకున్న పరికరాలు కాసేపు ఎటూ కాకుండా ఉండిపోతాయి.

పలాస పప్పు | గురువారం ఉదయం 8:32

ఏటండీ ఇది, ఒక్కో కంపెనీకి ఒక్కో యాస. హువావేలో "నో" అనరు, "అన్‌డూ" అంటారు. "షో" అనరు, "డిస్‌ప్లే" అంటారు. మొదటి రోజు నేను షో కొట్టి కొట్టి పెట్టె పాడైపోయిందనుకున్నాను.

ఉద్దానం ఫైబర్ | గురువారం ఉదయం 8:41

అదే భాష హెచ్‌పీలోనూ కొన్నింటికి ఉంది. "హెచ్‌పీ స్విచ్" అంటే చాలదు, ఏ హెచ్‌పీ అని అడగాలి. ప్రోకర్వ్ వాళ్ల సొంతం. 2010లో త్రీకామ్‌ని కొన్నారు, దాంతో డిస్‌ప్లే, అన్‌డూ మాట్లాడే పెట్టెలు వచ్చాయి. 2015లో అరుబాని కొన్నారు, ప్రోకర్వ్ పెట్టెలకి ఆ పేరు పెట్టారు, తర్వాత సీఎక్స్ అని మళ్లీ వేరే వంశం. 2025లో జూనిపర్‌ని కూడా కొనేశారు. తమ్ముడి దగ్గర ఉన్నది 2930ఎఫ్, కాబట్టి ప్రోకర్వ్ పుస్తకమే చదవాలి, సీఎక్స్ పుస్తకం చదివితే చాలా కమాండ్‌లు కలవవు.

ఆన్‌లైన్‌లో దొరికే చవక రకం వెబ్ పేజీ స్విచ్‌ల సంగతి ఇంకో తలనొప్పి. అందులో పోర్ట్‌ని వీలాన్‌లో అన్‌ట్యాగ్డ్ చేస్తే సరిపోదు, పీవీఐడీ అని వేరే పేజీలో మళ్లీ అదే అంకె వెయ్యాలి. వెయ్యకపోతే బయటికి వెళ్లేది సరిగ్గా వెళ్తుంది, లోపలికి వచ్చేది వీలాన్ 1లో పడుతుంది. సగం పనిచేసే నెట్‌వర్క్ కంటే అసలు పనిచెయ్యనిదే నయం.

రాజాం రూటర్ | గురువారం మధ్యాహ్నం 1:10

అన్నలూ, ఇంత కష్టం దేనికి? కాన్ఫిగ్‌ని ఏఐకి ఇస్తే అరుబా కాన్ఫిగ్ రాసి ఇచ్చేస్తుంది. లేదంటే పైథాన్, జింజా టెంప్లేట్ (ఖాళీలు నింపితే కాన్ఫిగ్ తయారయ్యే అచ్చు). ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ తీసి పోస్తే 14 స్విచ్‌ల కాన్ఫిగ్‌లు రెండు నిమిషాల్లో వస్తాయి. నా దగ్గర ఒక టెంప్లేట్ ఉంది, కావాలంటే పంపుతా.

కన్సోల్ కేబుల్ | గురువారం మధ్యాహ్నం 1:48

టెంప్లేట్ మంచిదే, నేనూ వాడతాను. కానీ ఎక్సెల్‌లో ఏం రాస్తావు బాబూ? పాత కాన్ఫిగ్‌లో ఉన్నదే రాస్తే చెత్తని టెంప్లేట్‌లో పోసి అందంగా తీసినట్టు. ఏఐ కూడా నువ్వు ఇచ్చిన కాగితమే చదువుతుంది, పోర్ట్ 24 చివర ఏముందో దానికెలా తెలుస్తుంది, నువ్వు మెట్లు ఎక్కి చూడాల్సిందే. సాయానికి అడగండి, పాస్‌వర్డ్‌లు తీసేసి అడగండి, వచ్చింది అక్షరం అక్షరం చదవండి.

నాగావళి తమ్ముడూ, నువ్వు చెయ్యాల్సింది ఒక షీట్. పోర్ట్ నంబర్, అవతల ఉన్నది ఏంటి, ట్యాగ్ లేని వీలాన్ ఏది, ట్యాగ్ ఉన్నవి ఏవి, ఏమైనా గమనిక. "షో మ్యాక్ అడ్రస్-టేబుల్" పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తియ్యి. మ్యాక్‌లు 300 సెకన్లు మాట్లాడకపోతే టేబుల్ నుంచి పోతాయి, పగలు పడుకునేవి రాత్రే కనిపిస్తాయి.

నాగావళి ఒడ్డున | గురువారం రాత్రి 9:20

ఈరోజు మొత్తం ఇదే పని. ల్యాబ్ బ్లాక్ ర్యాక్ తలుపు తీస్తే లోపలి వైపు ప్లాస్టర్‌తో అంటించిన రూళ్ల కాగితం ఉంది, నాకు ముందు పనిచేసిన ల్యాబ్ అసిస్టెంట్ నీలి బాల్‌పెన్‌తో రాసిన పోర్టుల జాబితా. సగం అక్షరాలు చెమ్మకి పాకిపోయాయి. 17 ఎదురుగా "సార్ టీవీ", 24 ఎదురుగా "స్టోర్", 31 ఎదురుగా ఏమీ లేదు, ఒక ప్రశ్నార్థకం మాత్రం ఉంది. కేబుల్ గుత్తి మీద రెండు బల్లి గుడ్లు. వాటిని అలాగే వదిలేశాను.

17లో టీవీ లేదు. నాలుగు మ్యాక్‌లు ఉన్నాయి. తీగ పట్టుకుని వెళ్తే స్టాఫ్ రూమ్‌లో బీరువా వెనక అయిదు పోర్టుల చిన్న స్విచ్, దానికి ఒక ప్రింటరూ మూడు కంప్యూటర్లూ. 31లో పగలు ఏమీ లేదు. రాత్రి 8 దాటాక ఒక మ్యాక్ వచ్చింది. తీగ గోడలోకి వెళ్లిపోయింది, అటు ఎక్కడ తేలుతుందో తెలీదు.

వీలాన్లు చూస్తే 1, 20, 30, 40, 60. స్విచ్‌లోకి లాగిన్ అయ్యే మేనేజ్‌మెంట్ అడ్రస్ 1లోనే ఉంది, తెలుసు, తిట్టకండి. 60 ఎదురుగా పోర్టులు ఏమీ లేవు, ఎవరూ వాడట్లేదనుకుని వదిలేశా.

ఇంకో సందేహం, అరుబాలో స్పానింగ్-ట్రీ (తీగలు చుట్టు తిరిగి కలిస్తే నెట్‌వర్క్ పడిపోకుండా ఆపేది) ఆన్ చెయ్యాలా?

కన్సోల్ కేబుల్ | గురువారం రాత్రి 9:55

చెయ్యాలా ఏంటి, ముందు చెయ్యాల్సింది అదే. ఆ పెట్టెల్లో బాక్స్ తెరిచినప్పుడు స్పానింగ్-ట్రీ ఆఫ్‌లో ఉంటుంది. సిస్కోలో చెప్పకపోయినా ఆన్. అదీ కాన్ఫిగ్‌లో కనిపించని లైనే. నీ బీరువా వెనక చిన్న స్విచ్‌లో ఎవరో తీగ రెండు చివర్లూ గుచ్చితే కాలేజీ మొత్తం పడిపోతుంది.

ఆన్ చేస్తే మామూలుగా ఎంఎస్‌టీపీ మోడ్‌లో లేస్తుంది. నీ కోర్‌లో సిస్కో రకం స్పానింగ్-ట్రీ, రాపిడ్-పీవీఎస్టీ ఉందా? ఉంటే అరుబాలో కూడా "స్పానింగ్-ట్రీ మోడ్ రాపిడ్-పీవీఎస్టీ" పెట్టుకో, ఈ మోడ్ దానికి వచ్చు. సిస్కో అన్నీ పోయాక అందరినీ ఎంఎస్‌టీపీకి తీసుకెళ్లు. పోర్ట్‌ఫాస్ట్‌కి ఇక్కడ పేరు అడ్మిన్-ఎడ్జ్-పోర్ట్.

ఒక పని చెయ్యి, కోర్ మీద "షో స్పానింగ్-ట్రీ రూట్" కొట్టి ఏం వచ్చిందో చెప్పు. రూట్ అంటే మిగతా స్విచ్‌లన్నీ దారి లెక్క కట్టుకునే రాజు స్విచ్.

నాగావళి ఒడ్డున | గురువారం రాత్రి 10:10

రాపిడ్-పీవీఎస్టీయే ఉంది. కానీ అన్నా... రూట్ కోర్ కాదు. మ్యాక్ వెతికితే క్యాంటీన్ వెనక గదిలో ఉన్న 2960. నూనె మసి పట్టిన పెట్టె. దాని మీద వంటావిడ కరివేపాకు ఆరబెడుతుంది.

పలాస పప్పు | గురువారం రాత్రి 10:12

కాలేజీకి రాజు క్యాంటీన్‌లో ఉంటే తప్పేంటి గురూ, మా కాలేజీలోనూ అంతే.

కన్సోల్ కేబుల్ | గురువారం రాత్రి 10:20

అందరి ప్రయారిటీ 32768 అయితే తక్కువ మ్యాక్ ఉన్నవాడే రాజు. తరచుగా పాత పెట్టెకే తక్కువ మ్యాక్ ఉంటుంది. రేపు రాత్రి పని మొదలుపెట్టేముందు కోర్‌లో ప్రయారిటీ 4096 పెట్టు. ఇప్పుడు పెట్టొద్దు, కొన్ని సెకన్లు ఊగుతుంది, హాస్టల్ పిల్లలు నీ మీద పడతారు.

మూడు లాంతర్లు | గురువారం రాత్రి 10:44

ఎస్‌ఎఫ్‌పీలు (అప్‌లింక్ పోర్టుల్లో గుచ్చే చిన్న మాడ్యూళ్లు) చూసుకున్నారా? సిస్కో ఎస్‌ఎఫ్‌పీ తీసి అరుబాలో పెడితే ఒప్పుకోకపోవచ్చు. "అలౌ-అన్‌సపోర్టెడ్-ట్రాన్స్‌సీవర్" అని ఒక కమాండ్ ఉంది కానీ దాని మీద పరీక్ష పెట్టుకోవద్దు, అరుబావే రెండు చేతిలో ఉంచుకోండి. పాత స్విచ్‌ని ర్యాక్ నుంచి ఊడదీయొద్దు. కరెంట్ ఇచ్చే ఉంచండి. తేడా వస్తే తీగలు వెనక్కి గుచ్చెయ్యొచ్చు.

నాగావళి ఒడ్డున | శుక్రవారం రాత్రి 11:26

మార్చేశా. రాజాం అన్న టెంప్లేట్ వాడాను, షీట్ నుంచి. స్విచ్ కోర్ నుంచి పింగ్ అవుతోంది, అంటే పలకరిస్తే పలుకుతోంది. ఎల్ఏసీపీ రెండు లింకులూ లేచాయి. కానీ ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌కీ ఐపీ రావట్లేదు, అన్నీ 169.254 (ఐపీ దొరకనప్పుడు కంప్యూటర్ తనే పెట్టుకునేది) చూపిస్తున్నాయి. కోర్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచేది) బాగానే ఉంది, వేరే బ్లాక్‌లో వస్తోంది. ఎవరైనా మెలకువగా ఉన్నారా, చాలా టెన్షన్‌గా ఉంది.

ఉద్దానం ఫైబర్ | శుక్రవారం రాత్రి 11:33

ఉన్నాను. పింగ్ అవుతోందంటే వీలాన్ 1 వెళ్తోంది, మిగతావి వెళ్లట్లేదు. "షో వీలాన్ పోర్ట్స్ టీఆర్‌కే1 డీటెయిల్" కొట్టి పెట్టు.

నాగావళి ఒడ్డున | శుక్రవారం రాత్రి 11:36

ఒక్కటే వచ్చింది. 1, డిఫాల్ట్ వీలాన్, అన్‌ట్యాగ్డ్. 20, 30, 40 లేవు! నేను ట్యాగ్ చేశాను కదా 49, 50 మీద, ఫైల్‌లో ఉంది.

ఉద్దానం ఫైబర్ | శుక్రవారం రాత్రి 11:39

ఫైల్‌లో ముందు ఏముంది, వీలాన్లా, ట్రంక్ లైనా? ముందు 49-50ని ట్యాగ్ చేసి, ఆ తర్వాత "ట్రంక్ 49-50 టీఆర్‌కే1 ఎల్ఏసీపీ" కొట్టి ఉంటావు. ఆ రెండు పోర్టులు కట్టలోకి వెళ్లగానే వాటి పాత వీలాన్లు అన్నీ పోతాయి, కట్ట కొత్తగా పుట్టినట్టు వీలాన్ 1లో మాత్రమే ఉంటుంది. ఇప్పుడు టీఆర్‌కే1 పేరుతో మళ్లీ ట్యాగ్ చెయ్యి:

వీలాన్ 20 ట్యాగ్డ్ టీఆర్‌కే1
వీలాన్ 30 ట్యాగ్డ్ టీఆర్‌కే1
వీలాన్ 40 ట్యాగ్డ్ టీఆర్‌కే1

నాగావళి ఒడ్డున | శుక్రవారం రాత్రి 11:43

వచ్చింది!!! ఒకదాని తర్వాత ఒకటి అన్నిటికీ ఐపీలు వస్తున్నాయి. మా వాచ్‌మన్ తాత కూడా వచ్చి నిలబడి చూస్తున్నాడు. అన్నా మీరు పలాస వైపు ఎప్పుడైనా కనిపిస్తే జీడిపప్పు కిలో నాది.

పలాస పప్పు | శుక్రవారం రాత్రి 11:50

పలాస వెళ్లి పలాస వాళ్లకి జీడిపప్పు ఇస్తావా. ఉన్నావు.

రాజాం రూటర్ | శనివారం ఉదయం 6:40

సారీ బ్రో. నా టెంప్లేట్‌లో ట్రంక్ లైన్ చివర్న ఉంది. నేను ఇప్పటిదాకా కట్టలు లేని స్విచ్‌లకే వాడాను, అందుకే తెలీలేదు. ట్రంక్ లైన్ పైకి తెచ్చి, అప్‌లింక్ చోట పోర్ట్ నంబర్లకి బదులు టీఆర్‌కే1 వచ్చేలా మార్చాను.

నాగావళి ఒడ్డున | శనివారం ఉదయం 9:05

అయిపోయిందనుకున్నా. 8:50కి బయోమెట్రిక్ మెషీన్ ఆగిపోయింది. మెట్ల దగ్గర ముప్పై మంది సార్లు, మేడమ్‌లు వేలు పెట్టి పెట్టి చూసి నా ఫోన్‌కే చేస్తున్నారు. ఇంటర్‌నెట్ పోతే ఒక గంటకి గానీ తెలీదు, అటెండెన్స్ మెషీన్ పోతే కాలేజీ అంతటికీ ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మెషీన్‌కి ఐపీ చేత్తో పెట్టిందే, 10.10.60 తో మొదలవుతుంది.

కన్సోల్ కేబుల్ | శనివారం ఉదయం 9:08

60. ఎవరూ వాడట్లేదని వదిలేసిన వీలాన్. "షో వీలాన్ బ్రీఫ్"లో ట్రంక్ పోర్టులు కనిపించవు తమ్ముడూ. ఆ వీలాన్ నీ స్విచ్‌లో ఎక్కడా దిగదు, దాని మీదుగా వెళ్తుంది అంతే, అందుకే ఖాళీగా కనిపించింది. పోర్ట్ 24 "స్టోర్" అని ఉంది కదా, అవతల ఇంకో స్విచ్ ఉండి ఉంటుంది. వీలాన్ 60 సృష్టించి 24నీ టీఆర్‌కే1నీ ట్యాగ్ చెయ్యి. తప్పు నాది కూడా, మొన్న నువ్వు రాసింది చదివి పట్టుకోలేదు.

నాగావళి ఒడ్డున | శనివారం ఉదయం 9:14

స్టోర్ రూమ్‌లో పాత కుర్చీల వెనక ఎనిమిది పోర్టుల సిస్కో దొరికింది, దాన్నుంచే మెట్ల దగ్గరికి. 60 కలిపాను, మెషీన్ పనిచేస్తోంది. "రైట్ మెమరీ" కొట్టాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

అరసవల్లి అమ్మాయి | శనివారం ఉదయం 9:30

మిగతా 13 మార్చేముందు పాత స్విచ్‌ల మీద "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" తియ్యండి. ఏ పోర్ట్ మీద ఏ వీలాన్లు నిజంగా నడుస్తున్నాయో చివరి పేరాలో చూపిస్తుంది. అదే మీ షీట్‌లో ట్యాగ్‌ల గడి.

మూడు లాంతర్లు | ఆదివారం రాత్రి 8:15

పరీక్ష ఎలా జరిగిందండీ?

నాగావళి ఒడ్డున | ఆదివారం రాత్రి 9:40

బాగా జరిగింది. రెండు పూటలు, ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు. ఒక కుర్రాడి మౌస్ తప్ప, అది నా శాఖ కాదని చెప్పినా వినలేదు.

ట్రంక్ పోర్టుల జాబితా 13 స్విచ్‌లకీ తీశాను. ఎక్కడా దిగకుండా మీదుగా వెళ్లిపోయే వీలాన్లు ఇంకో మూడు చోట్ల ఉన్నాయి, షీట్‌లో రాసేశా. కోర్ ఇప్పుడు రూట్. క్యాంటీన్ పెట్టె మీద కరివేపాకు అలాగే ఉంది.

పోర్ట్ 31 కూడా తేలింది. ఇవాళ రాత్రి 8 దాటాక మళ్లీ ఆ మ్యాక్ వచ్చింది, వెంటనే అన్ని గదులూ తిరిగితే గేటు పక్కన వాచ్‌మన్ గదిలో పాత ల్యాండ్‌లైన్ డబ్బా వెనక చిన్న వైఫై పెట్టె. తాత మనవడు పెట్టి ఇచ్చాడట. తాత రాత్రి డ్యూటీకి వచ్చి స్విచ్ వేస్తాడు, తెల్లారి ఆపి ఇంటికి వెళ్తాడు. శుక్రవారం రాత్రి నా పక్కన నిలబడి చూసింది తన ఫోన్‌కి నెట్ ఎప్పుడొస్తుందా అని. గెస్ట్ వీలాన్ 30లోకి మార్చాను. షీట్‌లో ప్రశ్నార్థకం కొట్టేసి "31, ట్యాగ్ లేదు, 30, వాచ్‌మన్ తాత" అని రాశాను.